తిరిగొచ్చిన ఉత్తరం

మనం పోస్టులో వేసిన ఉత్తరం ఒక్కొక్కప్పుడు మనకే తిరిగి వస్తుంది. దాని మీద పోస్టుమాను, "ఈ చిరునామాలో ఎవరూ లేరు" అనో, "ఇల్లు మారిపోయారు" అనో రాసి ఉంటాడు. అది చూసి మనం, "చిరునామా తప్పు రాశాం కాబోలు," అనుకుంటాం. కాని చిరునామా సరిగానే ఉండి, ఇంటివాళ్ళు ఇంట్లోనే ఉండి, ఆ ఉత్తరం కోసం ఎదురుచూస్తూ కూడా ఉంటే? అప్పుడు గుమ్మం దగ్గిర కాపలావాడు, "మీ ఇంటినుంచి వచ్చే ఉత్తరాలు మేం తీసుకోం," అని వెనక్కి పంపేస్తే ఎట్లా ఉంటుంది?

కాగితం ఉత్తరాల విషయంలో ఇట్లా జరగదు. కాని కంప్యూటరు ద్వారా పంపే ఉత్తరాల విషయంలో, అంటే ఇ-మెయిళ్ళ విషయంలో, ఇది ప్రతిరోజూ ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటుంది. ఎందుకు జరుగుతుందో, జరిగినప్పుడు ఏం చెయ్యాలో తెలుసుకుందాం.

మీకొక మామయ్య ఉన్నాడనీ, ఆయనకు ఒక చిన్న అచ్చాఫీసు ఉన్నదనీ అనుకోండి. ఆయన పెళ్ళి శుభలేఖలూ, కరపత్రాలూ, దుకాణాలకు బిల్లు పుస్తకాలూ అచ్చు వేస్తాడు. ఆఫీసులో నాలుగు కంప్యూటర్లున్నాయి. అవిగాక, ఉత్తరాలు పంపటానికీ అందుకోవటానికీ మరొక కంప్యూటరు ఒక మూల రాత్రింబవళ్ళు పనిచేస్తూ ఉంటుంది. దాన్ని మెయిల్ సర్వరు అంటారు. అది ఆ అచ్చాఫీసుకు సొంత పోస్టాఫీసు లాటిది. శుభలేఖ అచ్చు వేసేముందు మామయ్య దాని ప్రూఫును పెళ్ళివారికి ఇ-మెయిలులో పంపుతాడు. వారు తప్పులు చూసి, "సరే, వెయ్యండి," అన్నాకనే అచ్చు మొదలవుతుంది.

ఒకనాటి ఉదయం మామయ్య పంపిన ప్రూఫు ఒక్క నిమిషంలో తిరిగి వచ్చింది. మళ్ళీ పంపాడు. మళ్ళీ తిరిగి వచ్చింది. పెళ్ళి ఇంకా పన్నెండు రోజులే ఉన్నది. తమాషా ఏమిటంటే, కాగితాల కొట్టు ఆయనకు పంపిన ఉత్తరం చక్కగా చేరింది. పెళ్ళికూతురి తండ్రికి పంపినది మాత్రం చేరలేదు. తిరిగొచ్చిన ఉత్తరం మీద 550 అనే అంకె ఉన్నది. దాని పక్కనే ఇంగ్లీషులో ఒక వాక్యం. "మీ చిరునామా ఫలానా జాబితాలో ఉన్నది. మీ ఉత్తరం తీసుకోము," అని దాని అర్థం.

ఈ 550 ఏమిటి? ఆ జాబితా ఎవరిది? మామయ్య చేసిన తప్పేమిటి?

యంత్రాల పలకరింపులు

ఒక కంప్యూటరు నుంచి మరొక కంప్యూటరుకు నెట్‌వర్కు మీదుగా ఉత్తరం పంపటం 1971లో మొదలయింది. అమెరికాలో రే టామ్లిన్‌సన్ అనే ఇంజనీరు ఆ పని చేశాడు. ఇ-మెయిలు చిరునామా మధ్యలో, సున్న చుట్టిన ఇంగ్లీషు "ఎ" అక్షరం లాటి గుర్తు చూస్తాం గదా? మనిషి పేరుకూ కంప్యూటరు పేరుకూ మధ్య ఆ గుర్తును పెట్టినది ఆయనే.

తరవాత 1982లో జొనాథన్ పోస్టెల్ అనే శాస్త్రజ్ఞుడు, సర్వర్లు ఉత్తరాలు ఇచ్చిపుచ్చుకునేందుకు కొన్ని నియమాలు రాశాడు. ఈనాటికీ అన్ని సర్వర్లూ ముఖ్యంగా ఆ పద్ధతినే నడుచుకుంటున్నాయి. చూస్తే అది ఇద్దరు మర్యాదస్తులు మాట్లాడుకున్నట్టే ఉంటుంది. ఉత్తరం తెచ్చిన సర్వరు ముందు "హెలో" అని పలకరిస్తుంది. (ఆ నియమాలలో ఇటువంటి మాటలన్నిటికీ ఇంగ్లీషులో నాలుగు అక్షరాలే. అందుచేత "హలో" నుంచి ఒక "ఎల్" అక్షరాన్ని తీసేశారు!) తరవాత, "ఈ ఉత్తరం ఫలానావారు పంపుతున్నారు," అంటుంది. ఆ తరవాత, "ఇది మీ దగ్గిర ఉన్న ఫలానావారికి ఇవ్వాలి," అంటుంది. ఆ పైన ఉత్తరం అప్పగించి, సెలవు తీసుకుంటుంది.

ప్రతి మాటకూ అవతలి సర్వరు మూడంకెల సంఖ్యతో బదులు చెబుతుంది. అందులో మొదటి అంకె చూస్తే చాలు. అది 2 అయితే "సరే" అని అర్థం. 4 అయితే, "ఇప్పుడు వీలు కాదు, కాస్సేపాగి రా," అని. 5 అయితే, "కుదరదు, మరి తేవద్దు," అని. మామయ్యకు వచ్చిన 550 ఈ చివరి రకానిది.

ఈ సంభాషణ అంతా ఎంతో ముచ్చటగా ఉన్నది గాని, ఇందులో ఒక పెద్ద లోపం ఉన్నది. "ఫలానావారు పంపుతున్నారు" అని తెచ్చినవాడు చెప్పటమే తప్ప, అది నిజమో అబద్ధమో తేల్చుకునే దారి ఆ నియమాలలో లేదు. పోస్టుకార్డు మీద పంపినవారి పేరు చోట ఎవరైనా ఏ పేరైనా రాయవచ్చు గదా, అట్లాగే. 1982లో దీన్ని లోపమని ఎవరూ అనుకోలేదు. ఎందుకంటే ఆనాడు నెట్‌వర్కులో ఉన్నవారు చాలా కొద్దిమంది. విశ్వవిద్యాలయాలవారూ, పరిశోధనలు చేసేవారూ. అది తలుపులకు తాళాలు అవసరం లేని చిన్న ఊరు లాటిది.

పిలవని పేరంటాలు

అయితే అంతకు ముందే, 1978 మే నెలలో, ఒక సంగతి జరిగింది. గ్యారీ థ్యూర్క్ అని, కంప్యూటర్లు తయారుచేసే ఒక కంపెనీలో అమ్మకాల ఉద్యోగి, తమ కొత్త యంత్రాలను చూడటానికి రమ్మని దాదాపు 400 మందికి ఒకే ఉత్తరం పంపాడు. వారెవరూ దాన్ని అడగలేదు. చాలామందికి కోపం వచ్చింది. అడగనివారికి గుంపుగా పంపిన మొదటి వ్యాపార ఉత్తరం అదేనని అంటారు.

ఇటువంటి ఉత్తరాలకు తరవాత స్పామ్ అని పేరు వచ్చింది. నిజానికి స్పామ్ అనేది అమెరికాలో 1937 నుంచి అమ్ముతున్న డబ్బా మాంసం పేరు. 1970లో ఒక బ్రిటిషు టెలివిజను హాస్యనాటికలో, ఒక హోటలుకు పోయినవాళ్ళకు ఏ వంటకం అడిగినా అందులో స్పామ్ తప్పదు. పక్కబల్లవాళ్ళు ఆ పేరే గట్టిగా పాడుతూ ఉంటే మిగిలినవాళ్ళ మాటలు వినపడవు. అక్కరలేని ఉత్తరాల గోలలో అక్కరగల ఉత్తరాలు మునిగిపోవటం కూడా ఇట్లాటిదే గనక ఆ పేరు అతికిపోయింది.

కాగితం మీద లక్ష కరపత్రాలు పంపాలంటే కాగితానికీ, అచ్చుకూ, పోస్టుకూ బోలెడు డబ్బు కావాలి. ఇ-మెయిళ్ళు లక్ష పంపినా ఖర్చు దాదాపు ఏమీ లేదు. లక్షమందిలో ఒక్కడు మోసపోయినా పంపినవాడికి లాభమే. అందుచేత స్పామ్ వరదలాగా పెరిగింది. ఇటీవలి సంవత్సరాలలో కూడా ప్రపంచంలో తిరిగే ఇ-మెయిళ్ళలో దాదాపు సగం స్పామే.

నల్ల జాబితా

వరద వస్తే గట్టు కట్టాలి గదా! కాలిఫోర్నియాలో పాల్ విక్సీ అనే కంప్యూటరు ఇంజనీరు 1997 ప్రాంతంలో అటువంటి గట్టు ఒకటి కట్టాడు. ఆయన ఆలోచన ఇది: "పంపినవాడు తన పేరు అబద్ధం చెప్పవచ్చు. కాని అతని యంత్రం నెంబరు అబద్ధం చెప్పటం కష్టం."

ఇంటర్నెట్టులో ఉన్న ప్రతి యంత్రానికీ ఒక నెంబరుంటుంది. దాన్ని ఐ. పి. చిరునామా అంటారు. పాత పద్ధతిలో అది చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యలు. ఒక్కొక్క సంఖ్య 0 నుంచి 255 దాకా ఉండవచ్చు. ఉదాహరణకు, 192.0.2.99. (భయం లేదు, ఈ నెంబరు ఎవరిదీ కాదు. పుస్తకాలలో ఉదాహరణలు ఇవ్వటానికని కొన్ని నెంబర్లు విడిగా ఉంచారు. ఇది వాటిలోది.) ఇందాక యంత్రాల సంభాషణలో "సరే" అనే జవాబు వెనక్కి వెళ్ళేది ఈ నెంబరుకే. తప్పుడు నెంబరు ఇచ్చినవాడికి ఆ జవాబు చేరదు. జవాబు చేరకపోతే సంభాషణ ముందుకు సాగదు.

అందుచేత విక్సీ, స్పామ్ వచ్చే యంత్రాల నెంబర్లన్నీ ఒక జాబితాగా రాసి, కావలసినవారు చూసుకునే ఏర్పాటు చేశాడు. ఆ సంస్థకు మాప్స్ అని పేరు. ఆ పేరులోని ఇంగ్లీషు అక్షరాలను వెనకనుంచి చదివితే స్పామ్ అవుతుంది! తరవాత ఇటువంటి జాబితాలు చాలా వచ్చాయి. 1998లో స్టీవ్ లిన్‌ఫర్డ్ అనే ఆయన లండనులో స్పామ్‌హాస్ అనే సంస్థను ప్రారంభించాడు. ఈ జాబితాలనే నల్ల జాబితాలు, బ్లాక్‌లిస్టులు అంటున్నారు.

ఒక్క క్షణంలో ఈ జాబితాను వెతకటం ఎట్లా? దీనికి కొత్త యంత్రమేమీ అక్కరలేకపోయింది. ఇంటర్నెట్టులో పేరు చెబితే నెంబరు చెప్పే ఒక పెద్ద డైరెక్టరీ 1983 నుంచీ ఉన్నది. పాల్ మొకపెట్రిస్ అనే శాస్త్రజ్ఞుడు దాన్ని తయారుచేశాడు. దాని పేరు డి. ఎన్. ఎస్. నల్ల జాబితాలవాళ్ళు దాన్నే తెలివిగా వాడుకున్నారు.

192.0.2.99 నుంచి ఒక ఉత్తరం వచ్చిందనుకోండి. అందుకునే సర్వరు ఆ నెంబరును తలకిందులు చేసి 99.2.0.192 అని రాసి, దాని చివర జాబితా పేరు తగిలించి, "ఈ పేరుగలవారున్నారా?" అని డైరెక్టరీని అడుగుతుంది. తలకిందులు చెయ్యటం ఎందుకు? మనం ఇంటి చిరునామా రాసేటప్పుడు ముందు ఇంటి నెంబరు, తరవాత వీధి, చివర ఊరు రాస్తాం. డి. ఎన్. ఎస్.లో పేర్లు కూడా అంతే, చిన్నది ముందు, పెద్దది చివర. ఐ. పి. నెంబరులో మాత్రం పెద్ద భాగం ముందు వస్తుంది. అందుకే తిప్పి రాయాలి.

"అటువంటి పేరు లేదు" అని జవాబు వస్తే, ఆ నెంబరు జాబితాలో లేదన్నమాట. సాధారణంగా 127.0.0.2 అనో, అదే వరసలోని మరొక సంఖ్యో జవాబుగా వస్తే ఉన్నదని అర్థం. 127తో మొదలయ్యే నెంబర్లు బయట ఏ యంత్రానికీ ఉండవు గనక, వాటిని ఇట్లా గుర్తులుగా వాడుకున్నారు. ఇదంతా కన్నుమూసి తెరిచేలోగా జరిగిపోతుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి జ్ఞాపకముంచుకోవాలి. నల్ల జాబితావాళ్ళు ఎవరి ఉత్తరాన్నీ ఆపరు. "మాకీ నెంబరు మీద అనుమానం ఉన్నది," అని మాత్రమే వాళ్ళు చెబుతారు. ఆ మాట వినాలా వద్దా అనేది ఉత్తరం అందుకునే సర్వరువారి ఇష్టం. కాగితాల కొట్టు ఆయన సర్వరు ఆ జాబితాను చూడదు. అందుచేత ఆయనకు ఉత్తరం చేరింది. పెళ్ళికూతురి తండ్రి పనిచేసే ఆఫీసు సర్వరు చూస్తుంది. అందుచేత చేరలేదు.

మామయ్య తొందరపాటు

ఇక అచ్చాఫీసుకు తిరిగి వద్దాం. మామయ్యకు పట్టరాని కోపం వచ్చింది. "నేను జన్మలో ఎవరికీ అక్కరలేని ఉత్తరం రాయలేదే! నన్ను దొంగల జాబితాలో రాస్తారా?" అన్నాడు. ఆయన మాట నిజమే. ఆయన ఎవరికీ స్పామ్ పంపలేదు.

తిరిగొచ్చిన ఉత్తరంలోనే జాబితా పేరున్నది. మామయ్య ఆ జాబితావారి పేజీ తెరిచి, తన నెంబరును తొలగించమని కోరాడు. సాయంత్రానికి తొలగించారు. మామయ్య సంతోషంగా ప్రూఫు పంపాడు. అది చేరింది. కాని మర్నాడు ఉదయం పెళ్ళివారు చేసిన దిద్దుబాట్లు సరిచేసి రెండో ప్రూఫు పంపేసరికి మళ్ళీ 550! రాత్రికి రాత్రే ఆయన నెంబరు మళ్ళీ జాబితా కెక్కింది.

ఇల్లు కారుతున్నప్పుడు ముందు పైకప్పు బాగుచెయ్యాలి గాని, నేల తుడుచుకుంటూ కూచుంటే ఏం లాభం? జాబితా నుంచి పేరు తీయించటం నేల తుడవటం లాటిది. పేరు ఎందుకెక్కిందో తెలుసుకోవటం పైకప్పు చూడటం లాటిది. అదీగాక, కారణం తొలగించకుండా మాటిమాటికీ తొలగించమని అడుగుతూ ఉంటే, కొన్ని జాబితాలవాళ్ళు ఇక విననే వినరు.

మామయ్య కంప్యూటర్లు బాగుచేసే మనిషిని పిలిపించాడు. ఆయన సర్వరును పరీక్షించి, "అయ్యా, మీ సర్వరులో దోషమేమీ లేదండీ. కాని మీ ఆఫీసులో కంప్యూటర్లన్నిటికీ కలిపి బయటికి కనిపించే నెంబరు ఒక్కటే గదా?" అన్నాడు.

అవును. లోపల ఎన్ని కంప్యూటర్లున్నా, రౌటరు అనే ఒక పెట్టె ద్వారా అన్నీ ఒకే నెంబరుతో బయటికి మాట్లాడతాయి. ఒకే ఇంట్లో పదిమంది ఉంటే పదిమందికీ ఒకే ఇంటి నెంబరున్నట్టు. వారిలో ఒక్కడు వీధిన పడి అల్లరి చేస్తే, ఊళ్ళోవాళ్ళు "ఆ ఇంటివాళ్ళు" అనే అంటారు.

కంప్యూటరులో ఒక్కొక్క పనికి ఒక్కొక్క గుమ్మం ఉంటుంది. దాన్ని పోర్టు అంటారు. సర్వర్లు ఒకదానికొకటి ఉత్తరాలు ఇచ్చుకునే గుమ్మం నెంబరు 25. మామయ్య ఆఫీసులో మెయిల్ సర్వరు తప్ప మరే కంప్యూటరూ బయట ఎవరి 25వ గుమ్మమూ తట్టవలసిన పని లేదు. బాగుచేసే ఆయన రౌటరులో, ఎవరు ఏ గుమ్మం తడుతున్నారో రాసిపెట్టే ఏర్పాటు చేసి వెళ్ళాడు. ఉదయం చూస్తే, ఆఫీసులో అందరూ నిద్రపోయే వేళ, రెండు గంటలకు, కిటికీ పక్కనున్న కంప్యూటరు వేలకొద్దీ సర్వర్ల 25వ గుమ్మాలను తడుతూనే ఉన్నది.

అది ఏ కంప్యూటరో తెలుసా? వేసవి సెలవుల్లో మీరు కూచుని ఆడుకున్నది.

చెప్పాలా, వద్దా?

మీకు గుర్తుకు వస్తుంది. డబ్బిచ్చి కొనవలసిన ఒక ఆటను ఎవరో ఊరికే ఇస్తున్నారంటే, మీరు దాన్ని దించుకుని ఆడారు. ఆటతో పాటు ఒక దొంగ ప్రోగ్రాము కూడా లోపలికి వచ్చి నక్కింది. అది పగలంతా కిమ్మనకుండా ఉండి, ఎక్కడో ఉన్న యజమాని ఆజ్ఞ ఇవ్వగానే స్పామ్ పంపటం మొదలుపెడుతుంది.

ప్రపంచంలో స్పామ్ పంపే యంత్రాలలో చాలావాటి సొంతదార్లకు ఆ సంగతే తెలియదు. ఇట్లా చేజిక్కిన కంప్యూటర్లు వేలూ, లక్షలూ ఉంటాయి. వాటికి ఆజ్ఞలిచ్చే యంత్రాలు మాత్రం కొద్దిచోట్లనే ఉంటాయి. 2008 నవంబరులో కాలిఫోర్నియాలో మెకోలో అనే ఒక కంపెనీకి ఇంటర్నెట్టు సంబంధం తెంచివేశారు. ఆజ్ఞలిచ్చే యంత్రాలు చాలా అక్కడ ఉండేవి. ఆ తెంచిన వెంటనే ప్రపంచమంతటా స్పామ్ సగానికి పైగా పడిపోయింది! ఆజ్ఞలిచ్చేవాడు మాయమయేసరికి లక్షల యంత్రాలు మూగబోయాయన్నమాట. కొన్నాళ్ళకు దొంగలు వేరేచోటు చూసుకున్నారు. స్పామ్ మళ్ళీ పెరిగింది.

సరే, ఇప్పుడు మీరేం చేస్తారు? ఊరుకోవచ్చు. ఆ కంప్యూటరు ఎట్లాగూ పట్టుబడింది. దాన్ని శుభ్రం చేస్తారు. ఆ ఆట తెచ్చింది ఎవరో మామయ్యకు తెలియనవసరం లేదు.

కాని మీరు ఆ ఆటను పెన్‌డ్రైవులో వేసుకుని, గోడ పక్కనున్న రెండో కంప్యూటరులోకి కూడా ఎక్కించారు. ఆ సంగతి మీకు తప్ప మరెవరికీ తెలియదు. ఆ రెండోది ఇంకా మేలుకోలేదు. మీరు నోరు మూసుకుంటే, ఒక్క కంప్యూటరే శుభ్రమవుతుంది. మామయ్య నెంబరు మూడోసారి జాబితా కెక్కుతుంది. పెళ్ళివారు మరో అచ్చాఫీసు చూసుకుంటారు.

మీరు చెప్పేశారనుకుందాం. మామయ్య ఒక్క క్షణం మీకేసి చూసి, "చెప్పావు. అదే మంచిపని," అని, బాగుచేసే ఆయనతో, "రెండూ చూడండి," అన్నాడు.

చెయ్యవలసిన పనులు

ఆ తరవాత వాళ్ళు చేసిన పనులు వరసగా చెబుతాను. మీ ఇంట్లోగాని, నాన్నగారి దుకాణంలోగాని ఇటువంటి చిక్కు వస్తే ఈ వరస పనికివస్తుంది.

మొదట, ఆ రెండు కంప్యూటర్లనూ నెట్‌వర్కు నుంచి విడదీశారు. అవసరమైన ఫైళ్ళు జాగ్రత్తచేసి, లోపలున్నదంతా తుడిచివేసి, అన్నీ కొత్తగా ఎక్కించారు. మిగిలిన యంత్రాలనూ పరీక్షించారు. అందరి ఇ-మెయిలు పాస్‌వర్డులూ మార్చారు. ఎందుకంటే దొంగ ప్రోగ్రాములు పాస్‌వర్డులు కూడా ఎత్తుకుపోతాయి.

రెండో పని, ఇక ముందు మెయిల్ సర్వరు తప్ప మరే కంప్యూటరూ బయటి 25వ గుమ్మం తట్టకుండా రౌటరులో కట్టడి చేశారు. ఇకమీద మరొక దొంగ ప్రోగ్రాము వచ్చినా అది ఆ దారిన స్పామ్ పంపలేదు.

మూడో పని, రెండు రాత్రులు ఊరికే కనిపెట్టి చూశారు. రౌటరులో ఏ అల్లరీ లేదు.

అప్పుడు, నాలుగో పనిగా, జాబితావారికి రాశారు. "మా నెంబరు ఇది. మా కంప్యూటర్లలో దొంగ ప్రోగ్రాము చేరింది. ఫలానా రోజున తీసేశాం. మళ్ళీ రాకుండా ఈ ఏర్పాటు చేశాం," అని ఉన్నది ఉన్నట్టు రాశారు. కోపతాపాలేమీ లేవు. ఈసారి తీసిన పేరు మళ్ళీ ఎక్కలేదు.

ఈ లోగా మామయ్య చేతులు కట్టుకు కూచోలేదు. పెళ్ళివారికి ఫోను చేసి సంగతి చెప్పి, రెండో ప్రూఫును కాగితం మీద తీసి బస్సులో పంపాడు. వ్యాపారంలో మాట దక్కటం ముఖ్యం. అది ఇ-మెయిలులో దక్కితేనేం, బస్సులో దక్కితేనేం?

తప్పు మనది కానప్పుడు

అన్నిసార్లూ తప్పు మన ఇంట్లోనే ఉంటుందని చెప్పటానికి లేదు. కొన్ని జాబితాలవాళ్ళు ఒక్క నెంబరునే గాక, చుట్టుపక్కల నెంబర్ల నన్నిటినీ కలిపి రాస్తారు. స్పామ్ పంపేవారికి నెంబర్లు అద్దెకిచ్చిన కంపెనీ ఎన్నిసార్లు చెప్పినా వినకపోతే, దాన్ని దారికి తేవటానికి ఇట్లా చేస్తారు. ఫలితంగా పక్కనున్న మంచివాళ్ళకు కూడా ఇబ్బంది కలుగుతుంది. అటువంటప్పుడు ఆ కంపెనీ మీద ఒత్తిడి తేవాలి, లేదా వేరే కంపెనీ నెంబరుకు మారాలి.

జాబితాలు కూడా పొరపాట్లు చేస్తాయి. 2003 ఆగస్టులో ఓసిరూసాఫ్ట్ అనే జాబితా మూతపడింది. మూసేటప్పుడు అది ఎవరి నెంబరు అడిగినా, "ఉన్నది, ఉన్నది," అని జవాబు చెప్పసాగింది. దాన్ని నమ్ముకున్న సర్వర్లు మంచి ఉత్తరాలనూ చెడ్డ ఉత్తరాలనూ ఒకే తీరుగా వెనక్కి పంపేశాయి! కాపలావాడి మాట వినేవాడు, కాపలావాడు సరిగా ఉన్నాడో లేదో అప్పుడప్పుడు చూసుకోవాలని దీనివల్ల తెలుస్తుంది.

"డబ్బు ఇస్తే పేరు తీస్తాం," అనే జాబితా ఏదైనా ఎదురైతే దాన్ని నమ్మకండి. ఇంటర్నెట్టు నియమాలు రాసేవారు 2012లో ప్రకటించిన ఒక పత్రం, పేరు తీయటానికి డబ్బు పుచ్చుకోవటం తగదని చెప్పింది. స్పామ్‌హాస్‌వారు పేరు తీయటానికి డబ్బు తీసుకోరు.

ముద్రలూ, సాక్ష్యాలూ

ఇందాక, 1982 నాటి నియమాలలో, పంపినవాడు నిజం చెబుతున్నాడో లేదో తెలుసుకునే దారి లేదనుకున్నాం. తరవాతి వాళ్ళు ఆ లోటును కొంతవరకు పూడ్చారు. ఇప్పుడు మూడు రకాల సాక్ష్యాలున్నాయి.

మొదటిదాని పేరు ఎస్. పి. ఎఫ్. "మా పేరుతో ఉత్తరాలు తెచ్చే హక్కు ఈ నెంబర్లవారికే ఉన్నది," అని డి. ఎన్. ఎస్. డైరెక్టరీలో అందరికీ కనపడేట్టు రాసిపెట్టటం. రెండోది డి. కె. ఐ. ఎమ్. ఇది పాత రోజుల్లో ఉత్తరాల మీద వేసే లక్కముద్ర లాటిది. ఉత్తరాన్ని దారిలో ఎవరైనా మార్చితే ముద్ర సరిపోదు. మూడోది డీమార్క్. "మా పేరు చెప్పుకుంటూ వచ్చిన ఉత్తరం ఈ పరీక్షలలో నిలవకపోతే దాన్నేం చెయ్యాలి?" అనేదానికి పేరుగలవారే ముందుగా ఇచ్చే ఆజ్ఞ ఇది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ సంస్థలు, పెద్ద సంఖ్యలో ఉత్తరాలు పంపేవారికి ఈ మూడూ తప్పనిసరి చేశాయి.

మామయ్య ఈ మూడూ పెట్టించాడు. తన నెంబరు అడిగితే సర్వరు పేరూ, ఆ పేరు అడిగితే తన నెంబరూ వచ్చేటట్టు డైరెక్టరీలో కూడా సరిచేయించాడు. ఇవన్నీ ఉన్నంతమాత్రాన ఒకరు మంచివారని రుజువు కాదు. దొంగలు కూడా ముద్ర వేసుకోగలరు. కాని, ముద్ర మనదైతే, దాని కింద సంపాదించిన మంచిపేరు కూడా మనదే అవుతుంది.

ఇంత చదివాక ఒక సంగతి మీకు తోచే ఉంటుంది. మామయ్య మంచితనం అవతలి సర్వరుకు కనపడదు. దానికి కనపడేది ఒక నెంబరు, ఆ నెంబరునుంచి నిన్నటిదాకా ఏం వచ్చిందనే లెక్క, అంతే. ఆ లెక్క మామయ్య ఒక్కడు రాసేది కాదు. ఆ ఇంట్లో కంప్యూటరు ముట్టుకునే ప్రతివాళ్ళూ రాసేదే. అందులో మీరు కూడా ఉన్నారు.

కనుక, ఊరికే వస్తున్నదని ముక్కూమొహం తెలియని ఆటలూ, ప్రోగ్రాములూ దించుకోకండి. ఎవరో పంపిన లంకెను నొక్కేముందు ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. పొరపాటున నొక్కితే, ఆ మాట వెంటనే చెప్పెయ్యండి. ఎంత త్వరగా చెబితే, అంత తక్కువ తుడవవలసి వస్తుంది.

శుభలేఖలు పెళ్ళికి అయిదు రోజుల ముందు అచ్చయి వెళ్ళాయి. పెళ్ళికూతురి తండ్రి, "చక్కగా వచ్చాయి," అని ఇ-మెయిలు రాశాడు. మామయ్య, "చాలా సంతోషం," అని బదులు రాసి, కాస్సేపు కంప్యూటరు ముందే కూచున్నాడు. ఆ ఉత్తరం తిరిగి రాలేదు.